మూగ అలారం

కారు ఇంకాస్త దూరంలో ఉందనగా పట్నాయక్ గారు ఆగిపోయారు. మధురవాడ కొండ కింద, ప్రయోగశాల వెనకాల ఉన్న ఖాళీ స్థలంలో ఎండ పేలిపోతోంది. తెల్ల కారు ఒక్కటే నిలబడి ఉంది. ముందు సీటులో ఉన్న ఆయన కళ్లజోడు తెచ్చుకోమని హిమజ ఆయన్ని పంపింది. ఆయన తలుపు వైపు చూశారు, చెయ్యి సగం చాపారు, మళ్లీ ఆ చేత్తోనే మెడ తుడుచుకుని వెనక్కి వచ్చేశారు.

"తర్వాత తెచ్చుకుంటాలే అమ్మా. ఎందుకో ఇప్పుడు వద్దనిపించింది."

ఆ మాట అన్నాక గాని ఆయనకు వెలగలేదు. హిమజ నవ్వుతోంది.

"అదేనా?" అన్నారు.

"అదేనండీ. ఆన్‌లో ఉంది."

పట్నాయక్ గారు ఆ సంస్థకు పెద్ద. వాహనాల భద్రత మీద పరిశోధన చేయించే మనిషి. ఆయన కారు వైపు మళ్లీ చూశారు గాని మళ్లీ వెళ్లి చూస్తానని మాత్రం అనలేదు.

హిమజ కనిపెట్టినది చెవికి వినపడదు. కారు అడుగున బిగించిన ఒక డబ్బా సన్నటి అదురును నేలలోకి పంపుతుంది. ఎవరైనా దగ్గరికి వస్తే ఆ అదురు అరికాళ్లలోంచి పైకెక్కి ఛాతీలో చేరుతుంది. మనిషికి ఏదీ తెలియదు. ఏదో బాగాలేదని, ఇక్కడినుంచి వెళ్లిపోవాలని మాత్రం అనిపిస్తుంది. కారణం ఎవరికి వారే వెతుక్కుంటారు. పని గుర్తొచ్చిందనో, ఒంట్లో నలతగా ఉందనో అనుకుని పక్కకు పోతారు. దొంగకైనా అంతే. కూత పెట్టే అలారం మోగితే ఊరంతా వింటుంది, ఎవరూ పట్టించుకోరు. ఇది ఎవరికీ వినపడదు, అందరూ పట్టించుకుంటారు.

కారు నడిపేవాళ్లకు మాత్రం చేతికి ఒక పట్టీ ఇస్తారు. ఆ పట్టీ ఎదురు అదురు పుట్టించి దీన్ని కొట్టేస్తుంది. హిమజ చేతికి అది చాలా రోజులుగా ఉంది. గడియారంలాగా టైము కూడా చూపిస్తుంది కాబట్టి తీయాల్సిన పని పడలేదు.

ఆ అలారాన్ని ఇంటికి తెచ్చుకోవడానికి వేరే కారణం ఉంది. సీతమ్మధారలో వాళ్లుండే అపార్టుమెంటులో ఆమె కారుకు పాత అలారం ఉండేది. పిల్లి ఎక్కినా, పక్క బండి ఆనుకున్నా గోల పెట్టేది. ఎదురింటి దమయంతి ఒకసారి మొహమాటపడుతూనే చెప్పింది, "ఏమీ అనుకోకండి, మా మావయ్యగారు ఉలిక్కిపడి లేస్తున్నారండీ." అది చెప్పిన వారంలోనే ఎవడో కారు పక్కద్దం ఊడబెరుక్కుపోయాడు. అలారం మోగిందట. అందరూ పిల్లే అనుకున్నారట.

హిమజ పాతది పీకించేసి తన డబ్బా బిగించింది. హాల్లో కూర్చుని ఫోనులో సెట్టింగులు మార్చుకుంది. ఎంత బలంగా పనిచేయాలి అన్నచోట మెల్లన, మధ్యస్థం, గట్టి అని ఉన్నాయి. గేటు పక్కనే కారు నిలిపే చోటు కాబట్టి గట్టి అన్నది నొక్కింది. మనవాళ్లు అన్నచోట తన పేరు ఒక్కటే పెట్టింది. పట్టీలు నడిపేవాళ్లకే ఇవ్వాలని, ఇంట్లో అందరికీ ఇస్తే ఏదో ఒకటి పోయి దొంగ చేతికే చిక్కుతుందని ఆ నియమం రాసిందీ ఆమే.

ఆమె భర్త కిశోర్ సరుకు ఓడలో ఇంజనీరు. ఏడాదిలో ఎక్కువ భాగం నీళ్ల మీదే ఉంటాడు. ఇంట్లో హిమజ, మూడో తరగతి చదివే కూతురు లిఖిత, తోడుగా వచ్చి ఉన్న సత్యవతి పిన్ని. పిన్ని సరదా మనిషి. దమయంతి సాయంత్రం కూర గిన్నె పట్టుకుని వచ్చిందంటే ఇద్దరూ సోఫాలో చేరి దేశంలో వాళ్లందరి పెళ్లిళ్లూ చేసేసేవారు. లిఖిత వాళ్ల మధ్యలో దూరి, తనకు అర్థం కాని చోటల్లా ప్రశ్న వేసేది.

అలారం బిగించాక కారు మీద గీత పడలేదు. పిల్లి కూడా చోటు మార్చుకుంది. వాచ్‌మన్ సింహాచలం రోజూ కారు తుడిచేవాడు, ఆ పని మానేశాడు. అడిగితే బుర్ర గోక్కున్నాడు.

"ఏటోనమ్మా, ఆ కారు దగ్గరికెల్తే మనసు అదోలాగైపోతంది. మా యావిడ గేపకానికొస్తంది."

అతని భార్య పోయి ఏడాది దాటింది. హిమజకు జాలేసింది. ఆ జాలితో పాటు, చెప్పకూడదు గాని, తన పరికరం బాగా పనిచేస్తున్నందుకు తృప్తిగానూ అనిపించింది.

తర్వాత దమయంతి రావడం తగ్గింది. మొదట్లో హిమజ గమనించనేలేదు. గమనించాక, ఆవిడకు ఇంట్లో పని ఎక్కువైందేమో అనుకుంది. మెట్ల మీద ఎదురైతే దమయంతి నవ్వేది, కానీ నిలబడేది కాదు. కొన్నాళ్లకు సత్యవతి పిన్ని అనకాపల్లిలో తమ్ముడింటికి వెళ్లి చూసొస్తానంది. వెళ్లి, వచ్చి, వారం తిరక్కుండానే మళ్లీ బయల్దేరింది.

"నావల్ల ఏమైనా తప్పు జరిగిందా పిన్నీ?"

"అయ్యో, నీ మొహం. నువ్వేం చేశావే? నాకే ఎందుకో ఇక్కడ ఊపిరాడనట్టుంటోంది. పొద్దుట నువ్వు ఆఫీసుకెళ్లాక బాగానే ఉంటుంది. సాయంత్రమయ్యేసరికి దిగులు పట్టుకుంటుంది. వయసు మీద పడుతోంది, అంతే."

పిన్ని సంచి సర్దుకుంటూ ఆ మాటలు మామూలుగానే అంది. హిమజ మాత్రం వాటిని మనసులోంచి తీసేయలేకపోయింది. నువ్వెళ్లాక బాగానే ఉంటుంది. చిన్నప్పటినుంచీ ఆమెకు నలుగురిలో కలవడం రాదు. హాస్టల్లోనూ అంతే, ఆమె వచ్చి కూర్చుంటే మాటలు కాస్త సద్దుమణిగేవి. మనుషులకు తనంటే విసుగని ఆమెకు లోపల ఎక్కడో ఒక నమ్మకం ఉండేది. పెళ్లయ్యాక, లిఖిత పుట్టాక అది మాసిపోయిందనుకుంది. ఇప్పుడది మళ్లీ పైకి తేలింది.

పిన్ని రాలేదు. బడినుంచి వచ్చిన లిఖితను సాయంత్రం దాకా దమయంతి తన ఇంట్లో కూర్చోబెట్టుకునేది. హిమజ వచ్చాక పిల్ల మెల్లగా చెప్పులీడ్చుకుంటూ వచ్చి, పుస్తకాల సంచి తన గదిలో పడేసి, వంటింటి అవతల బట్టలారేసే బాల్కనీలో కూర్చునేది. అన్నం అక్కడికే తెమ్మనేది. దువ్వెన తెచ్చి జడ వేస్తానంటే భుజాలు బిగించేది. వేళ్లు తగిలినప్పుడల్లా హిమజకు ఆ బిగువు తెలిసేది.

"బళ్లో ఎవరైనా ఏమైనా అన్నారా నాన్నా?"

"లేదమ్మా."

"ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది."

డాక్టరు చూసి రక్తపరీక్షలు చేయించి ఏమీ లేదన్నాడు. తండ్రి దగ్గర లేడు కదా, అదేనేమో, ఎక్కువసేపు గడపండి అన్నాడు. హిమజ ఆఫీసునుంచి పెందలాడే రావడం మొదలుపెట్టింది. ఆదివారాలు పూర్తిగా ఇంట్లోనే ఉంది. పిల్ల ఇంకా వడలిపోయింది.

ఒక ఆదివారం కిశోర్ ఫోను చేశాడు. లిఖిత ఫోను తీసుకుని బాల్కనీలోకి పోయింది. హిమజ కుక్కరు మూత పెడుతూ ఉంటే మాటలు వినపడ్డాయి.

"నువ్వెప్పుడొస్తావు నాన్నా... ఇక్కడ నాకు బాలేదు. అమ్మ ఇంట్లో ఉంటే నాకు ఇక్కడ బరువుగా ఉంటుంది. ఛాతీలో. అమ్మ వెళ్లిపోగానే పోతుంది... తిట్టదు. అమ్మ మంచిదే. నాకే అలా ఉంటుంది. అమ్మకి చెప్పకు, ఏడుస్తుంది."

హిమజ పొయ్యి ఆపేసింది. ఎందుకు ఆపిందో తనకే తెలియదు. ఫోను తిరిగి చేతికి వచ్చినప్పుడు కిశోర్ ఏవేవో అడిగాడు, వెనకాల ఓడ ఇంజను హోరు. "ఏమైనా ఉంటే చెప్పు హిమా" అన్నాడు. ఏమీ లేదంది.

మర్నాడు మార్పులేవో చేయడం కోసం కారు ప్రయోగశాలలోనే వదిలి ఆమె ఆటోలో ఇంటికొచ్చింది. మెట్లెక్కుతూంటే నవ్వులు వినపడ్డాయి. తన ఇంట్లోంచే. తలుపు వారగా వేసి ఉంది. దమయంతి కింద చాప మీద కూర్చుని ఉంది. అనకాపల్లినుంచి పిన్ని ఎప్పుడొచ్చిందో, పకోడీల పళ్లెం ఒళ్లో పెట్టుకుని ఎవరినో అనుకరిస్తోంది. లిఖిత సోఫా మీద వెల్లకిలా పడి, కాళ్లు పైకి పెట్టి, కడుపు పట్టుకుని నవ్వుతోంది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో హిమజకు గుర్తు రాలేదు.

తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టింది.

"రా హిమా, వేడివేడిగా ఉన్నాయి" అంది పిన్ని.

లిఖిత లేచి కూర్చుంది. నవ్వు ఆగిపోయింది. ఒక చెయ్యి తనంతట అదే ఛాతీ మీదికి వెళ్లింది. సోఫాలో ఆ చివరికి జరిగింది.

కింద కారు లేదు. ఆ సంగతి అప్పుడు హిమజకు తట్టలేదు. తనకు తెలిసిందల్లా, తను రాకముందు ఈ ఇల్లు బాగుంది, తను రాగానే బాగాలేదు. చెప్పులు విప్పే మిషతో అక్కడే వంగి చాలాసేపు ఉండిపోయింది.

పిన్ని ఆ వారమంతా ఉంది. ఆ మార్పులేవో తేలక కారు కూడా ఆ వారమంతా ప్రయోగశాలలోనే ఉంది. "ఈసారి నాకు హాయిగా ఉందే" అంది పిన్ని వెళ్లే రోజున, బస్టాండు దగ్గర. "దిగులూ లేదు, పాడూ లేదు. సాయంత్రాలు కూడా."

బస్సు కదిలిపోయింది. హిమజ అక్కడే నిలబడి ఉంది. సాయంత్రాలు కూడా. తను రోజూ సాయంత్రం ఇంట్లోనే ఉంది. లేనిది కారు.

ఆ మధ్యాహ్నమే కారు తెచ్చి గేటు పక్కన ఎప్పటి చోట పెట్టింది. అదురు కొలిచే పరికరం సంచిలో ఉంది. కారు చుట్టూ కొలిస్తే అంతా లెక్క ప్రకారమే ఉంది, దూరం పోయేకొద్దీ తగ్గిపోతోంది. తర్వాత కారు పక్కనున్న పిల్లరుకు పరికరం ఆనించింది. ముల్లు లేచింది. మెట్లెక్కి మొదటి అంతస్తులో తన ఇంట్లోకి వెళ్లింది. ఆ పిల్లరు లిఖిత మంచం తలగడ వైపు గోడలో ఉంది. గోడకు ఆనించింది. ముల్లు ఇంకా లేచింది.

పరీక్షలన్నీ ఖాళీ స్థలంలోనే చేశారు. అక్కడ పిల్లర్లు లేవు. కింద ఎవరు నడిచినా, పాలవాడైనా, సింహాచలమైనా, అలారం లేస్తోంది, పిల్లరు దాన్ని పైకి మోసుకొస్తోంది. కారు ఇంట్లో ఉన్నప్పుడే అది. కారు ఇంట్లో ఉండేది అమ్మ ఇంట్లో ఉన్నప్పుడే. పిల్లకు కనపడేది అమ్మ ఒక్కతే. కారణం ఎవరికి వారే వెతుక్కుంటారు.

హిమజ మంచం మీద కూర్చుంది. చేతికి పట్టీ ఉంది. ఆమెకు ఏమీ అనిపించలేదు.

పట్నాయక్ గారికి అన్నీ చెప్పింది. వచ్చే నెలలో దాన్ని అమ్మకానికి పెట్టాలని అప్పటికే మాట ఇచ్చేశారు. ఆయన ఓపిగ్గా విన్నారు.

"బలం సెట్టింగు తగ్గించి పెడితే సరిపోతుంది కదమ్మా. అపార్టుమెంటుల్లో మెల్లన అన్నదే వాడాలని పుస్తకంలో రాద్దాం."

"తగ్గించి చూశానండీ. ఆపేసి కూడా చూశాను. డబ్బా ఊడదీయించాను. అయినా పాప నా దగ్గరికి రావట్లేదు. ఒళ్లు నేర్చేసుకుందండీ. ఇప్పుడు అలారంతో పని లేదు, నేను చాలు."

ఆయన బల్ల మీద కాగితాల బరువును అటూ ఇటూ తిప్పారు.

"మా కుక్కుంది కదా, సోనీ. నేను గేటు తీస్తే మంచం కిందకి దూరిపోతోంది. ముసలిదైపోయింది, చూపు ఆనట్లేదు అనుకుంటున్నా."

ఆయన కారుకూ ఆర్నెల్లుగా అదే అలారం. ఆయన చేతికీ అదే పట్టీ. ఆయన దాన్ని విప్పి బల్ల మీద పెట్టారు. అమ్మకం ఆగుతుందో లేదో ఆ రోజు చెప్పలేదు. తర్వాత ఆగింది. ఆ ఆపడంలో ఆయన ఉద్యోగమూ పోయింది. కానీ అది వేరే సంగతి.

ఆ రోజుల్లో హిమజ ఉన్నంత ఒంటరిగా ఎన్నడూ లేదు. హాల్లో తను, బాల్కనీలో పిల్ల. మధ్యలో వంటిల్లు. ఒకరికొకరు వినపడుతూనే ఉంటారు. పిల్ల పాఠం చదువుకుంటూ ఉంటే ఈమె ఇక్కడ కూర్చుని ఆ పాఠం వినేది. లేచి దగ్గరికి వెళితే గొంతు సన్నగిల్లిపోయేది. అందుకని లేచేది కాదు. పడుకునే ముందు గది గుమ్మంలో నిలబడి "పడుకో బంగారం" అనేది. "ఊఁ" అని వినపడేది. కిశోర్‌కు అంతా చెప్పింది. అతను ఓడ దిగడానికి ఇంకా చాలా రోజులు పడుతుంది. తనను తప్ప ఎవరినైనా పిల్ల దగ్గరికి రానిస్తుందన్న సంగతి ఆమెకు ఊరటో, పుండో తేల్చుకోలేకపోయింది.

అలారం అంటే ఏమిటో అప్పటిదాకా తనకే తెలియదని ఆమెకు తట్టింది ఆ రోజుల్లోనే. మొదటి నమూనానుంచీ చేతికి పట్టీ ఉంది. పట్నాయక్ గారు, సింహాచలం, పిన్ని, లిఖిత, అందరి ఛాతీలోకీ వెళ్లినది తన ఛాతీలోకి ఒక్కసారీ రాలేదు.

డబ్బా మళ్లీ బిగించింది. ఈసారి కారును అపార్టుమెంటుకు దూరంగా, వీధి చివర మునిసిపాలిటీ మైదానం పక్కన నిలిపింది. ఫోనులో మనవాళ్లు అన్నది తెరిచింది. అక్కడ తన పేరు ఒక్కటే ఉంది. దాన్ని తీసేసింది. తీసేయాలా అని రెండుసార్లు అడిగింది ఫోను. పట్టీ విప్పి సంచిలో వేసుకుంది. మెల్లన అన్నది నొక్కి కారు వైపు నడిచింది.

ముందు ఏమీ లేదు. తర్వాత, పొయ్యి ఆపకుండా వచ్చేశానేమో అనిపించింది. ఇంకో అడుగు వేశాక వాళ్ల అమ్మ పోయిన రోజు ఆసుపత్రి వరండా గుర్తుకొచ్చింది. పినాయిల్ వాసనతో సహా. ఇంకో అడుగు. గుండె దగ్గర ఏదో చల్లగా జారి కూర్చుంది. వెళ్లిపో అంటున్నది ఎవరో కాదు, తనే. ఇదంతా అదురేనని ప్రపంచంలో అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి తను. తెలియడం ఏమీ పనికి రాలేదు. కారు తలుపు పట్టుకుని నిలబడలేక వెనక్కి వచ్చేసి, మైదానం గోడకు ఆనుకుని ఏడ్చింది. ఎనిమిదేళ్ల పిల్ల దీన్ని మోస్తూ అమ్మ మంచిదే అని చెప్పింది.

ఆ ఆదివారం పొద్దున్నే లిఖిత దగ్గరికి వెళ్లి, దూరంగానే కింద కూర్చుంది.

"నీకు బరువుగా ఉంటుంది కదా. అది నావల్ల కాదు లిఖితా. అంటే, నావల్లే. నేను చేసిన ఒక వస్తువు వల్ల. కారు అడుగున బిగించి ఉంది. నీకు చూపిస్తాను, వస్తావా? వద్దంటే వద్దు."

లిఖిత ఆలోచించింది. "దమయంతి ఆంటీ కూడా వస్తుందా?"

"వస్తుంది."

ముగ్గురూ మైదానం దాకా నడిచారు. లిఖిత దమయంతి చెయ్యి పట్టుకుంది. హిమజ ముందు నడిచింది. కారు కనపడగానే ఆగి, ఫోను పిల్ల చేతికిచ్చి, ఏది నొక్కితే ఏమవుతుందో చెప్పింది.

"నువ్వు నొక్కితేనే వస్తుంది. నువ్వు నొక్కితే పోతుంది. భయమేస్తే ఆపేయ్."

హిమజ కారు దగ్గరికి వెళ్లి నిలబడింది. లిఖిత మెల్లగా వచ్చి కొంచెం ఎడంగా ఆగింది. చాలాసేపు ఫోను వైపే చూసి, మెల్లన అన్నది నొక్కింది.

వెంటనే పిల్ల మొహం పాలిపోయింది. "అదే. అదేనమ్మా." తల్లి వైపు చూసింది. హిమజ పెదవులు కూడా అదురుతున్నాయి. చెయ్యి ఛాతీ మీదికి పోయింది.

"నీకూ వస్తోందా?"

"వస్తోంది."

"ఇక్కడేనా?"

"అక్కడే."

లిఖిత ఆపేసింది. ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు. మళ్లీ నొక్కింది, మళ్లీ ఆపింది. ఆపినప్పుడు తల్లి మొహం చూసింది, నొక్కినప్పుడూ చూసింది. ఇంకోసారి నొక్కినప్పుడు, ఆపకుండానే, ఆ ఎడం దాటి వచ్చి హిమజ చున్నీ అంచు పిడికిట్లో పట్టుకుంది.

"పారిపోవాలనిపిస్తోంది కదమ్మా."

"అవును."

"నాకు రోజూ అలాగే ఉండేది."

"తెలిసింది బంగారం. ఇప్పుడు తెలిసింది."

దమయంతి దూరంగా గోడ దగ్గర నిలబడి కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. లిఖిత ఫోను నొక్కి ఆపేసింది. చున్నీ వదల్లేదు.

ఆ డబ్బాను హిమజ ముక్కలు చేయించింది. ఇప్పుడు ఆమె బస్సులో ఆఫీసుకు వెళ్లొస్తోంది, వేరే ఆఫీసు. సింహాచలం మళ్లీ కనపడ్డ బండినల్లా తుడుస్తున్నాడు. ఒక మధ్యాహ్నం పిన్ని వచ్చి పదిరోజులుంది. అయితే పిల్లకు అంతా ఒక్కసారిగా నయం కాలేదు. కారుదేనని తెలుసు, అమ్మది కాదని తెలుసు. ఒళ్లు మాత్రం కొన్ని సాయంత్రాలు వినదు.

హిమజ సాయంత్రం మెట్లెక్కి వచ్చి తలుపు తడుతుంది. తాళంచెవి సంచిలో ఉన్నా తెరవదు. లోపల చిన్న అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగుతుంది.

"అమ్మా, ఇవాళ కొంచెం ఉంది. ఆగు."

"సరే. ఇక్కడే ఉన్నా."

చెప్పులు విప్పి పక్కన పెట్టి, సంచి ఒళ్లో పెట్టుకుని ఆమె మెట్టు మీద కూర్చుంటుంది. పై అంతస్తువాళ్లు దాటుకుంటూ పోతారు. ఎవరింట్లోనో పోపు వేసిన వాసన వస్తుంది. తలుపుకు అవతలి వైపు, కింద, పిల్ల కూడా కూర్చున్నట్టు తెలుస్తుంది. కొన్ని సాయంత్రాలు చాలాసేపు పడుతుంది. తర్వాత గడియ తీసిన చప్పుడు.

"ఇప్పుడు రా."